ఫిజియోథెరపీ చదువుకు ఏడున్నర లక్షల అప్పు చేయవచ్చా?

డోన్ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమెది చిన్న కిరాణా అంగడి, భర్త లారీ డ్రైవరు. ఇద్దరి సంపాదన కలిపి ఏడాదికి రెండున్నర లక్షల లోపే. పాపకు ఇంటర్ బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి, నీట్‌లో మాత్రం ఎంబీబీఎస్‌కు చాలినంత ర్యాంకు రాలేదు. బెంగళూరు శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) సీటు ఇప్పిస్తానని ఒక ఏజెంటు తిరుగుతున్నాడు. ఫీజులు, హాస్టలు కలిపి మొత్తం ఎనిమిది లక్షలు. అందులో ఏడున్నర లక్షలు బ్యాంకు తాకట్టు లేకుండా ఇస్తుందని, చదువు ముగియగానే నెలకు 40,000 జీతమని అతని మాట. సీటు ఆపి ఉంచడానికి 25,000 అడ్వాన్సు అడుగుతున్నాడు. మరోవైపు కర్నూలులో బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ సీటు వచ్చే అవకాశం ఉంది. పాప మనసు ఫిజియోథెరపీ మీద ఉంది. అప్పు చేసి చదివించమంటారా, వద్దంటారా అని ఆమె అడిగారు.

అమ్మా, నా సంగతి రెండు మాటల్లో చెప్పి మొదలుపెడతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. చివరి పదకొండేళ్ళు ఉమ్మడి కర్నూలు జిల్లాలో విద్యారుణాల ఫైళ్ళు నా చేతి మీదుగానే నడిచాయి. సంతకం పెట్టి మంజూరు చేసినవాడినీ నేనే, కంతులు ఆగిపోయాక ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టినవాడినీ నేనే. మంజూరు చేసేటప్పుడు తెలియని సంగతులు ఆ గడపల్లో కూర్చున్నప్పుడు తెలిశాయి. రిటైరయ్యాక కూడా తెలిసినవాళ్ళ పిల్లల కాగితాలు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

మీరు చెప్పిన లెక్క ప్రకారమైతే ఈ అప్పు చేయవద్దు. ఫిజియోథెరపీ మంచి చదువే, పాప ఇష్టమూ మంచిదే. ఆ చదువును ఇంత ధర పెట్టి కొనే స్తోమత మీ ఇంటికి లేదు, అంతే. ఆ చదువే తక్కువ ఖర్చుతో దొరికే దారి ఒకటి ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను. ముందు పెన్నూ కాగితం తీసుకోండి.

బీపీటీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు అని లెక్క వేసుకుందాం, కొత్త పాఠ్యప్రణాళికలో అయితే అయిదేళ్ళు, కాలేజీని అడగండి. బ్యాంకు డబ్బు ఒకేసారి ఇవ్వదు, ఏ ఏడాది ఫీజు ఆ ఏడాది నేరుగా కాలేజీకి పంపుతుంది. ఏడాదికి 1,80,000 చొప్పున నాలుగేళ్ళు, చివర్లో ఇంకో 30,000 అనుకుందాం. మొత్తం ఏడున్నర లక్షలు. వడ్డీ 10.5 శాతం వేసుకుందాం, బ్యాంకును బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. చదువు నడిచినంత కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది కంతు కట్టనక్కర్లేదు. దీన్ని మారటోరియం అంటారు. ఈ మాట వినగానే తల్లిదండ్రుల ముఖాలు తేటపడతాయి. నేను చాలాసార్లు చూశాను. కంతు ఆగుతుందే తప్ప వడ్డీ ఆగదమ్మా. మొదటి ఏడాది ఇచ్చిన 1,80,000 మీద అయిదున్నరేళ్ళ వడ్డీ, రెండో ఏడాది ఇచ్చినదాని మీద నాలుగున్నరేళ్ళ వడ్డీ, ఇలా లెక్కవేసుకుంటూ పోతే బారువడ్డీయే 3,07,000 అవుతుంది. మొదటి కంతు కట్టే రోజుకు మీ బాకీ ఏడున్నర లక్షలు కాదు, పదిన్నర లక్షల పైమాట.

ఆ బాకీని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 14,260. పదిహేనేళ్ళకు సాగదీస్తే 11,680. పదిహేనేళ్ళ లెక్కలో మొత్తం కట్టేది 21 లక్షలు. పాప ఇప్పుడు పద్దెనిమిదేళ్ళదైతే అప్పు తీరేసరికి ఆమెకు ముప్ఫై ఎనిమిది నిండుతాయి.

ఇక జీతం వైపు చూద్దాం. కర్నూలు, అనంతపురం ప్రైవేటు ఆసుపత్రుల్లో చేరిన కొత్త ఫిజియోథెరపిస్టులు నాకు చూపించిన జీతాలు 12,000 నుంచి 15,000 మధ్యలో ఉన్నాయి. బెంగళూరులో చేరినవాళ్ళు 18,000 నుంచి 22,000 వరకు చెప్పారు. బెంగళూరులో 20,000 అనుకుంటే, పీజీ హాస్టలుకు 8,000, బస్సుకూ పై ఖర్చులకూ 3,000 పోగా చేతిలో ఉండేది 9,000. పీఎఫ్ కోత ఉంటే అదీ తగ్గుతుంది. కంతు చూస్తే 11,680. ఆ తేడా ఎవరు కడతారు? మీ అంగడి కడుతుంది. అంటే ఉద్యోగం వచ్చాక కూడా కూతురికి ఇంటి నుంచే డబ్బు పంపాలి.

మరి 40,000 ఎక్కడిది? ఏజెంటు పూర్తిగా అబద్ధం చెబుతున్నాడని అనను. అంత తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. ఏడెనిమిదేళ్ళ అనుభవం ఉండి, ఎంపీటీ (ఫిజియోథెరపీలో మాస్టర్స్ డిగ్రీ) కూడా చేసి, పెద్ద ఆసుపత్రిలోనో సొంత క్లినిక్‌లోనో స్థిరపడినవాళ్ళు వాళ్ళు. మనకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లోకి జనం వజ్రాల కోసం వస్తారు. ఒకరికి రాయి దొరికితే ఆ వార్త పత్రికలో వస్తుంది, దొరకక కూలి పోగొట్టుకుని తిరిగి వెళ్ళినవాళ్ళ సంగతి ఏ పత్రికలోనూ రాదు. కర్నూలు రాజ్ విహార్ సెంటరులో కట్టే కాలేజీ ఫ్లెక్సీల మీద ఉండే ఫొటోలు కూడా అంతే. వేటకు వెళ్ళేవాడు ఒక నెల కూలి పోగొట్టుకుంటాడు, ఇక్కడ పోయేది పదిహేనేళ్ళ జీతంలో సగం.

అప్పు తూచడానికి నేను వాడే తూకపురాయి ఒకటే, మొదటి జీతం. పదేళ్ళ తర్వాత ఎంత వస్తుందన్నది బ్యాంకుకు అక్కర్లేదు. కంతు మొదటి నెల నుంచే మొదలవుతుంది కాబట్టి మొదటి రెండేళ్ళ జీతమే లెక్క. పాప ఇంట్లో ఉండి ఉద్యోగం చేస్తే చేతికందే జీతంలో మూడో వంతు వరకు కంతు కట్టవచ్చు. బయట హాస్టల్లో ఉంటే నాలుగో వంతు దాటకూడదు. చేతికి 15,000 వచ్చే పిల్ల ఇంట్లో ఉంటే 5,000 కట్టగలదు. పదేళ్ళ గడువుకు ఆ 5,000 మోయగలిగే బాకీ దాదాపు 3,70,000. ఇది వడ్డీ కూడా కలిశాక ఉండే బాకీ, మీరు తెచ్చే అసలు అంతకంటే తక్కువ ఉండాలి. చుట్టాలెవరైనా ఈ లెక్క పిసినారితనం అంటే అననివ్వండి.

ఈ తూకపురాయి నాకు ఊరికే దొరకలేదు. పత్తికొండ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయికి బీఎస్సీ నర్సింగ్‌కు 3,70,000 మంజూరు చేశాను. ఫైలు శుభ్రంగా ఉంది, పిల్ల చురుకైనది, తండ్రికి వేరుశనగ చేను ఉంది. చదువు ముగిసి, ఏడాది గడువూ ముగిసి, రెండు కంతులు ఆగిపోయాయి. పిలిపిస్తే తండ్రితో కలిసి వచ్చింది. గాజుల అంగడి కవరులోంచి నాలుగు మడతలు పెట్టిన జీతం కాగితం తీసి నా ముందు పరిచింది. మొత్తం జీతం 13,500. పీఎఫ్ కోత 1,080. ఈఎస్ఐ 102. హాస్టలు, భోజనం 2,500. చేతికి 9,818. నా కంప్యూటరులో ఆమె కంతు 6,830. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. మిగిలేది 2,988. నైట్ డ్యూటీలు చేసే పిల్లకు నెలకు మూడు వేలు కూడా మిగలదు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మడత నలిగిన ఆ కాగితాన్ని చేత్తో సాపు చేస్తూ కూర్చున్నాడు.

అసలు తప్పు మాదే. ఆ పిల్లకు చదువుకున్న కాలంలో వడ్డీ పడకూడదు. ఏడాది ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్న కుటుంబాలకు వృత్తివిద్యా కోర్సుల్లో మారటోరియం కాలపు వడ్డీ మొత్తాన్ని కేంద్రమే భరించే పథకం 2009 నుంచీ ఉంది. మా బ్రాంచిలో తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం ఫైల్లోనే ఉంది, క్లెయిము మాత్రం గడువులోగా పైకి వెళ్ళలేదు. పంపాల్సిన సీటులో మనిషి లేడు, నేను గమనించలేదు. దాని వల్ల ఆమె నెత్తిన దాదాపు 1,36,000 అదనంగా పడింది. గడువు పదిహేనేళ్ళకు పెంచి కంతును 5,590కి దించాను. నా చేతిలో ఉన్నది అంతే. ఇప్పుడామె ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది, కంతు తప్పడం లేదు. అప్పు ఇంకా ఉంది.

కాబట్టి ఎంత అప్పు తీసుకున్నా ఈ వడ్డీ రాయితీ సంగతి మీరే వెంటపడి చూసుకోవాలి. ఇప్పుడు దరఖాస్తులన్నీ పీఎం విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా నడుస్తున్నాయి. 10 లక్షల వరకు రుణానికి ఈ రాయితీ ఉంది. కాలేజీకీ కోర్సుకూ ఉండాల్సిన గుర్తింపులు ఉండాలి, చదువు మధ్యలో మానేస్తే రాయితీ పోతుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటు అయితే వర్తిస్తుందా లేదా అన్నది అడ్మిషనుకు ముందే బ్రాంచిలో అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆదాయం నాలుగున్నర నుంచి ఎనిమిది లక్షల మధ్య ఉన్నవాళ్ళకు మూడు శాతం వడ్డీ తగ్గించే ఇంకో పథకం 2024 నవంబరులో వచ్చింది కానీ అది దేశంలో మేటి అని లెక్కకట్టిన విద్యాసంస్థల జాబితాకే పరిమితం. ఆ జాబితాలో మీ ఏజెంటు చెప్పిన కాలేజీ పేరు ఉందేమో చూడండి, ఉంటే నాకు ఆశ్చర్యమే.

రాయితీ రాకపోతే చదువు కాలంలో నెలనెలా వడ్డీ కట్టుకుంటూ పోవడం ఒక మార్గం. మీ లెక్కలో మొదటి ఏడాది నెలకు 1,575, రెండో ఏడాది 3,150, మూడో ఏడాది 4,725, నాలుగో ఏడాది 6,300. అలా కట్టేవాళ్ళకు ఆ కాలానికి చాలా బ్యాంకులు ఒక శాతం వడ్డీ తగ్గిస్తాయి. చివర్లో బాకీ ఏడున్నర లక్షల దగ్గరే నిలుస్తుంది, కంతు 14,260 బదులు 10,120 అవుతుంది. అయినా మొదటి జీతానికి అదీ బరువే. పైగా నాలుగో ఏడాది నెలకు 6,300 చొప్పున అంగడి మీద తీయగలరా అన్నది మీకే తెలియాలి.

ఇంకో అప్పు ఉంది, దాని గురించి మీరు రాయలేదు. ఎవరూ రాయరు. బ్యాంకు అప్పు పక్కనే నీడలా నడిచే చేబదులు అప్పు అది. ఎనిమిది లక్షల్లో బ్యాంకు ఇవ్వని 50,000, ఏజెంటు అడ్వాన్సు, కాలేజీ వాళ్ళు రసీదు లేకుండా అడిగే డొనేషను, మొదటి నెల హాస్టలు డిపాజిట్టు, కొత్త బట్టలు, ఫోను. ఇవన్నీ కలిపి లక్షన్నరకు సులువుగా చేరతాయి. మేనేజ్‌మెంట్ సీటైతే బ్యాంకు ప్రభుత్వం నిర్ణయించిన ఫీజునే లెక్కలోకి తీసుకుంటుంది, పైన అడిగేదంతా మీ జేబులోంచి పోవాలి. ఆ లక్షన్నర ఎక్కడ తెస్తారు? మన వైపు రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. బ్యాంకు వడ్డీ నూటికి నెలకు 87 పైసలు, ఇది రెండు రూపాయలు. లక్షన్నరకు నెలకు మూడు వేలు, అది కూడా మరుసటి నెల నుంచే మొదలు. దీనికి మారటోరియం ఉండదు. నేను తలుపు తట్టిన ఇళ్ళలో చాలావాటిని దెబ్బతీసింది బ్యాంకు అప్పు కాదు, ఈ నీడ అప్పే. బంగారం మిగిలి ఉంటే దాని మీద బ్యాంకు రుణం తీసుకోవడం దీనికంటే వంద రెట్లు మేలు.

తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెడతాడన్నది కూడా గుర్తుంచుకోండి. కంతు గడువు దాటి 90 రోజులు గడిస్తే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది. అప్పుడు పాప పేరే కాదు, ఆయన పేరూ చెడుతుంది. చేను ఉన్నవాళ్ళకైతే పంట రుణం రెన్యువల్ దగ్గర అడ్డం తగులుతుంది. ఉద్యోగం పోతేనో, జీతం చాలకపోతేనో దాక్కోవద్దు. కంతు తప్పకముందే బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా అడిగితే నిరుద్యోగ కాలానికి గడువు ఇవ్వడానికీ, మొదట్లో తక్కువ కంతు పెట్టి తర్వాత పెంచడానికీ నిబంధనల్లో చోటు ఉంది. ఫోను ఎత్తకపోతే ఏ మేనేజరూ ఏమీ చేయలేడు.

ఇప్పుడు ఫిజియోథెరపీ గురించి. దీన్ని చిన్నచూపు చూడకండి. కర్నూలు మన ఉమ్మడి జిల్లాకే కాదు, అటు గద్వాల నుంచీ, ఇటు రాయచూరు, బళ్ళారి వైపు నుంచీ రోగులు వచ్చే ఊరు. రాజధాని పోయినా ఆ రోజుల్లో వచ్చిన వైద్య కళాశాల ఉండిపోయింది, దాని చుట్టూ ఊరు పెరిగింది. పక్షవాతం వచ్చినవాళ్ళు, మోకీలు మార్చుకున్నవాళ్ళు, ప్రమాదాల్లో ఎముకలు విరిగినవాళ్ళు ఇంటికి చేరాక నెలల తరబడి వ్యాయామం చేయించే మనిషి కావాలి. చేయి తిరిగిన ఫిజియోథెరపిస్టు ఇంటికి వెళ్ళి చేసే ఒక్కో విజిటుకు మూడు నుంచి అయిదు వందలు తీసుకుంటున్నారు. ఉదయం ఆసుపత్రి, సాయంత్రం నాలుగు ఇళ్ళు తిరిగే కుర్రవాడు నాకు తెలుసు, వాడి సంపాదన ఇప్పుడు బాగుంది. కానీ ఆ స్థితికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది, ఆర్థోపెడిక్ డాక్టర్లతో పరిచయాలు పెరగాలి, స్కూటరు ఉండాలి. ఆడపిల్ల అయితే తెలియని ఇళ్ళకు ఒంటరిగా వెళ్ళే విషయం ఆలోచించాలి. సంపాదన ఆలస్యంగా పెరిగే వృత్తి ఇది. అందుకే తొందరగా మొదలయ్యే పెద్ద కంతుకూ దీనికీ పొసగదు. తక్కువ అప్పుతో వచ్చినవాడు ఆ నాలుగేళ్ళు ఓపిక పట్టగలడు. ఎక్కువ అప్పుతో వచ్చినవాడు రెండో ఏడాదికే ఏదో బీపీవోలో మెడికల్ కోడింగుకు వెళ్ళిపోతాడు. అలా వెళ్ళినవాళ్ళు నా ఫైళ్ళలోనే ఉన్నారు.

మీరు రాయని దారి ఇదీ. బీపీటీ మన రాష్ట్రంలోనే ఉంది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం బీపీటీ, పారామెడికల్ డిగ్రీ సీట్లకు విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. కన్వీనర్ కోటాలో వస్తే ఫీజు చాలా తక్కువ, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంటుంది. మీ ఆదాయానికి అది వర్తించాలి. పక్క రాష్ట్రంలో చేరితే ఆ సాయం వదులుకున్నట్టే. కర్నూలులో రాకపోయినా తిరుపతి, కడప, గుంటూరు ఏదైనా సరే ఆప్షన్లు అన్నీ పెట్టండి. హాస్టలుకు, పుస్తకాలకు లక్షన్నర, రెండు లక్షల అప్పు అయితే నేనే వచ్చి ఫారం నింపిపెడతాను. రీయింబర్స్‌మెంటు డబ్బు సమయానికి రాదని మాత్రం గుర్తుపెట్టుకోండి. ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తామని కాలేజీలు ఒత్తిడి చేస్తాయి, పరీక్ష హాల్‌టికెట్టు దగ్గర గొడవ పడాల్సి వస్తుంది. దానికోసం యాభై, అరవై వేలు పక్కన పెట్టుకోండి.

నర్సింగ్ సీటు సంగతి. పాపకు ఇష్టం లేకపోతే బలవంతం చేయవద్దు, అది ఇష్టం లేకుండా చేయగలిగే పని కాదు. కానీ ఎందుకు ఇష్టం లేదో ఒకసారి అడగండి. చాలామంది పిల్లలకు నర్సింగ్ మీద ఉన్న అయిష్టం చుట్టాల మాటల వల్ల వచ్చిందే. జీతాల విషయంలో ప్రైవేటు ఆసుపత్రులు నర్సులకు చేసే అన్యాయం నాకు తెలుసు, ఆ జీతం కాగితం నా కళ్ళ ముందే ఉంది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20,000కు తగ్గకూడదని సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లో సిఫార్సు చేసింది. మన ఊళ్ళలో దాన్ని పట్టించుకున్నవాళ్ళు అరుదు. అయినా నర్సుకు ఆ గుంటలోంచి బయటపడే మెట్లు ఎక్కువ. ఎయిమ్స్‌ల కోసం పెట్టే నార్సెట్ పరీక్ష నెగ్గితే మూలవేతనమే 44,900, మంగళగిరిలోనూ ఆ పోస్టులు ఉంటాయి. ఆ నియామకాల్లో 80 శాతం ఆడపిల్లలకే. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుకు కేంద్ర నిబంధనల ప్రకారం 25,000, పనిని బట్టి 15,000 వరకు ప్రోత్సాహకం. కడప, రాజంపేట వైపు వాళ్ళకు కువైట్ దారి కొత్త కాదు, అక్కడ ఇళ్ళలో పనికి వెళ్ళిన తల్లుల కూతుళ్ళు ఇప్పుడు నర్సులుగా వెళ్తున్నారు. జర్మనీకి అయితే బి2 స్థాయిలో, అంటే ధారాళంగా, జర్మన్ భాష రావాలి, దానికి కనీసం ఏడాది కూర్చోవాలి. విదేశం పేరు చెప్పి లక్షలు అడిగే ఏజెంటు కనిపిస్తే ఒకటి గుర్తుంచుకోండి. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు చట్టప్రకారం తీసుకోగలిగింది 30,000, దాని మీద జీఎస్టీ. అంతే. విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది, ముందు అక్కడ అడగండి.

ఫార్మ్‌డీ (ఫార్మసీ డాక్టరు డిగ్రీ), బీఎస్సీ ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిగ్రీ) కూడా మీ పాప స్నేహితులు చెబుతూ ఉంటారు. ఫార్మ్‌డీ ఆరేళ్ళు, మన ఊళ్ళలో ఆ చదువుకు తగ్గ ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, కాబట్టి అప్పు చేసి అసలు వద్దు. ల్యాబ్ టెక్నీషియన్ చదువు ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వస్తే సరే.

మొదటి జీతం ఎంతో నా మాట కూడా నమ్మకండి, మీరే వెళ్ళి కనుక్కోండి. ఒక రోజు అంగడి మూసి పాపను తీసుకుని కర్నూలు రండి. ప్రైవేటు ఆసుపత్రుల్లో మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ మారుతుంది. గాయత్రీ ఎస్టేట్స్ వైపు ఆసుపత్రుల బయట టీ బంకు దగ్గర నిలబడితే దిగిపోయే పిల్లలు వస్తారు. అనంతపురంలో అయితే సాయినగర్. చదువు ముగిసి రెండేళ్ళు దాటనివాళ్ళను పట్టుకోండి. చేతికి ఎంత వస్తుంది, హాస్టలుకు ఎంత కోస్తారు, మీ బ్యాచిలో ఎంతమంది ఇదే పనిలో ఉన్నారు అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. పాప పక్కనే ఉండాలి, ఆమె చెవులతోనే వినాలి. మీరు ఇంటికి వచ్చి చెబితే అమ్మ వద్దనడానికి సాకు వెతుకుతోంది అనుకుంటుంది.

ఇవన్నీ విన్నాక కూడా బెంగళూరే అనుకుంటే, కాలేజీ పేరును కర్ణాటకలోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల జాబితాలో అక్షరం అక్షరం సరిచూడండి. ఒకే ట్రస్టు పేరుతో నాలుగు కాలేజీలు ఉంటాయి, ఒకదానికి అనుబంధం ఉంటే మిగతావాటికీ ఉందన్నట్టు మాట్లాడతారు. సొంత ఆసుపత్రి ఎన్ని పడకలదో, అందులో నిజంగా రోగులు ఉన్నారో లేదో ముందు చెప్పకుండా వెళ్ళి చూడండి. రోగులు లేని చోట ఫిజియోథెరపీ నేర్పేది బొమ్మల మీదే. క్లాసులకు రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఫిజియోథెరపిస్టులు కూడా రిజిస్టరు కావాల్సినవాళ్ళే, దొంగ హాజరుతో వచ్చిన డిగ్రీ రేపు రిజిస్ట్రేషను దగ్గర నిలబడదు. పాప ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు చేతికి మాత్రం ఇవ్వకండి.

ఆ 25,000 ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఈ రాత్రే రసీదు తీసి చూడండి. దాని మీద కాలేజీ పేరు, ముద్ర ఉన్నాయా, లేక ఏజెంటు పేరూ ఫోను నంబరూ మాత్రమే ఉన్నాయా? సీటు వద్దనుకుంటే డబ్బు తిరిగి ఇస్తామన్న మాట ఎక్కడైనా ఉందా? రసీదు ఫొటో, కాలేజీ ఇచ్చిన ఫీజుల కాగితం నాకు పంపితే ఏది బ్యాంకు ఇచ్చేది, ఏది మీ మీద పడేది అని గీత గీసి పంపుతాను. తహసీల్దారు కార్యాలయంలో ఆదాయ ధ్రువపత్రం కోసం రేపే అర్జీ పెట్టండి, ఏ దారిన వెళ్ళినా అది కావాల్సిందే.